నోటికి రాని పేరు

యేసుమణి కాపురానికి వచ్చిన మొదటి తెల్లవారుజామునే అత్తగారి చేతిలో భంగపడింది. కొత్తకోడలు పొద్దెక్కేదాకా పడుకుందని పాలెంలో నలుగురూ నాలుగు మాటలనకూడదని, కోడి కూయకముందే లేచి, చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మెచ్చుకుంటారనే అనుకుంది. మసక చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి చీపురు అందుకుంది. అది అత్త మార్తమ్మ చెయ్యి. కోపం లేదు. చీపురు మెల్లగా లాగి గోడకు ఆనించి, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేగుచుక్క వైపు తిరిగి ముసలామె గొంతు విప్పింది.

"లింగయ్యను చూడు నాయనా. గిద్యోనును చూడు నాయనా. ఇశ్రాయేలును చూడు నాయనా. పుల్లయ్యను చూడు నాయనా. గురవయ్యను చూడు నాయనా..."

యేసుమణికి ప్రార్థన కొత్త కాదు. పొదిలి దగ్గర వాళ్ల నాయన సంఘపెద్ద. అక్కడ ఆదివారంనాడు పంతులుగారు కళ్లు మూసుకుని "సర్వశక్తిగల మా పరలోకపు తండ్రీ" అని అందుకుంటే వినేవాళ్లకు ఒళ్లు పులకరించేది. ఇక్కడేముంది? ఒక పేరు, ఒక చూడు, ఒక నాయనా. మళ్లీ ఒక పేరు. జనాభా లెక్కలకు వచ్చిన కరణం కూడా ఇంత ఓపికగా చదవడు. నడుమ యేసుమణికి కునుకు పట్టి తల వాలిపోయింది. ఉలిక్కిపడి లేచేసరికి తూర్పు తెల్లబడింది గానీ పేర్లు మాత్రం అయిపోలేదు. చివరికెప్పుడో ముసలామె "ఆమెన్" అంది. ఆ మాట కోసమే కాచుకున్నట్టు పాలెంలో చీపుర్లు కదిలాయి, పొయ్యిలు రాజుకున్నాయి. యేసుమణికి అప్పుడు అర్థమైంది, మార్తమ్మ ఆమెన్ అనేదాకా ఆ పాలెంలో ఏ ఇంటా నిప్పు రాజెయ్యరని.

"ఇదెక్కడి చోద్యం?" అని ఆ రాత్రి మొగుణ్ని అడిగింది.

కృపావరం నవ్వి, "నేను పుట్టినకాడి నుంచి ఇంతే. అలవాటైపోతాదిలే" అన్నాడు. మొగవాళ్లకేం, పొయ్యి రాజేసేది వాళ్లు కాదు గదా.

ఆ పల్లె కంభం చెరువుకు పడమట, కొండల వాలులో ఉంటుంది. ఆ రోజుల్లో కంభం తాలూకా కర్నూలు జిల్లా కింద, జిల్లా చెన్నపట్నం దొరల కింద. ఊరికి ఒక కొసన పాలెం. పాలెంలోవి కూలికి పోయే క్రైస్తవుల గుడిసెలు. ఊరికీ పాలేనికీ నడుమ ఒక కంపదడి. దడికి అవతలే పుల్లయ్య గొడ్లచావిడి. ఈ పుల్లయ్య ఊళ్లో పేరున్న మోతుబరి, కృపావరం ఆయన దగ్గరే జీతగాడు.

మార్తమ్మ మంత్రసాని. పాలేనికే కాదు, ఊరికీ ఆమే. మామూలు రోజుల్లో ఆమెను ఊళ్లో ఏ ఇంటి గడప దరిదాపులకూ రానివ్వరు. ఆడమనిషికి నొప్పులు మొదలయ్యాయంటే మాత్రం పెరటి తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. బిడ్డ బయటపడ్డాక ఆమె తాకిన చోటల్లా పసుపునీళ్లు చల్లుకుంటారు. అందరికంటే ముందు తాకింది బిడ్డను. బిడ్డను మాత్రం కడిగి ఊరుకుంటారు. పారెయ్యలేరు గదా!

ఈ పేర్ల ప్రార్థన ఎలా మొదలైందో మార్తమ్మే ఒకసారి చెప్పింది. ఆమె పడుచుతనంలో ఒక ఉపదేశి పల్లెలు తిరుగుతూ వచ్చాడట. పొద్దున లేవగానే, పొయ్యి రాజెయ్యకముందు దేవుడితో మాట్లాడమని ఆడవాళ్లకు చెప్పాడట. అందరూ ఆయన చెప్పిన ప్రార్థన వల్లె వేశారు. మార్తమ్మకు అది ఒక ముక్క వస్తే ఇంకో ముక్క పోయేది.

"నాకు మాటలు రావయ్యా" అందట.

"నీకేమొచ్చు మరి?"

"కాన్పులు చేసేదొచ్చు."

"అయితే నీ చేతుల్లో పడిన బిడ్డల పేర్లు చెప్పు. తక్కింది దేవుడికి తెలుసు."

ఆయన ఏదో మాటవరసకు అని తన దారిన తాను పోయాడు. మార్తమ్మ మాత్రం ఆ మాట పట్టుకుని వదల్లేదు. అప్పటికి ఆమె చేతుల్లో పడింది కొద్దిమందే, చిటికెలో అయిపోయేది. ఏళ్లు గడిచేకొద్దీ బిడ్డలు పెరిగారు, పేర్లు పెరిగాయి, దాంతో ఆమె లేచే వేళ ముందుకు జరుగుతూ వచ్చింది. జ్వరమొచ్చినా లేచింది. మొగుడు పోయిన మర్నాడూ లేచింది. వానొస్తే గోనెపట్ట కప్పుకుని వాకిట్లోనే కూర్చుంది. లోపల కూర్చోవచ్చు గదా అంటే, "వాళ్లందరూ ఈ గుడిసెలో పట్టరే" అనేది.

ఒక్క మార్పు మాత్రం సంజీవరావు పంతులు తెచ్చాడు. పాలెంలో బడీ గుడీ ఒకే కొట్టంలో నడుపుతున్న పంతులు ఆయన, మంచివాడే. చచ్చినోళ్ల కోసం ప్రార్థన చెయ్యకూడదని, వాళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడని బోధించాడు. మార్తమ్మ తలూపింది. అప్పటి నుంచి ఎవరైనా పోతే ఆ పేరు ఆపేసేది. ఆ ఆపెయ్యడమే కొంప ముంచింది.

యేసుమణి వచ్చిన మరుసటేడు ఒక తెల్లవారుజామున మార్తమ్మ ప్రార్థన లింగయ్యతో కాక గిద్యోనుతో మొదలైంది. గుడిసెల్లో మేలుకుని ఉన్నవాళ్ల గుండెలు ఝల్లుమన్నాయి. తెల్లారేసరికి ఊళ్లో ఏడుపులు. లింగయ్య పొదిలి సంతకు పోయి అక్కడే గుండె ఆగి పోయాడని కబురు. అసలు సంగతి ఏమంటే, ఆ కబురు తెచ్చిన కూలివాడు ఊళ్లోకి పోతూ మార్తమ్మ గుడిసె దగ్గర ఆగి మంచినీళ్లు తాగి, ఆమె చెవిన వేసి పోయాడు. ఈ మాట యేసుమణి ఎంతమందికి చెప్పిందో! ఎవరు నమ్మారు? నిజం గడప దాటేలోపు పుకారు ఊరు చుట్టి వస్తుంది. మార్తమ్మ పేరెత్తకపోతే ఆ మనిషికి నూకలు చెల్లినట్టేనని పాలెమూ ఊరూ కలిసి తీర్మానించుకున్నాయి.

పుల్లయ్య మాత్రం రచ్చబండ మీద పడీపడీ నవ్వేవాడు. "ముసల్ది యముడి దగ్గర కరణీకం చేస్తుండాది రా. నా పేరు కొట్టేసినపొద్దు చూస్తాలే" అనేవాడు. ఆ మాటలు కృపావరం ఇంటికి మోసుకొచ్చేవాడు. మార్తమ్మ విని ఊరుకునేది. మర్నాడు మళ్లీ "పుల్లయ్యను చూడు నాయనా" అనేది.

ఏళ్లు గడిచినా యేసుమణికి ఆ అలవాటు మింగుడుపడలేదు. పసిబిడ్డ ఆకలికి ఏడుస్తున్నా గంజి కాచేందుకు లేదు. చలికాలం వేళ్లు కొంకర్లు పోతున్నా నెగడు వేసుకునేందుకు లేదు. అందరూ మేలుకుని, చీకట్లో, పేర్లు వింటూ కూర్చోవాలి. ఆ దేవుడికి జ్ఞాపకం తక్కువా అత్తా, దినామూ గుర్తుచెయ్యాల్సి వచ్చింది, అని ఒకసారి అననే అంది. మార్తమ్మకు కోపం రాలేదు. "ఆయనకు గాదే, నాకు" అంది.

ఒక్కసారి మాత్రం యేసుమణి గుండె కరిగింది. తొలికాన్పు అత్త చేతుల మీదే అయింది. మర్నాడు తెల్లవారకముందు, నీరసంగా గుడిసెలో పడుకుని, పక్కన గుడ్డలో చుట్టిన బిడ్డను తడుముకుంటుంటే, బయట పేర్లన్నీ అయిపోయి అత్త గొంతు ఆగింది. ఆమెన్ వస్తుందనుకుంది. రాలేదు. "నాయనా, మా యేసుమణి కూతుర్ని చూడు. దానికింకా పేరు పెట్టలే. నీకు తెలుసు గదా, నిన్న దీపాలు పెట్టే యాళకు వచ్చింది, అదే" అంది ముసలామె. యేసుమణి నోట్లో పమిట కుక్కుకుని ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఆమెకే తెలియదు. భూమ్మీద అడుగుపెట్టి ఒక్క రాత్రి కూడా గడవని పిల్ల గురించి అప్పుడే ఎక్కడో చెప్పేశారన్నమాట!

రెండో పిల్ల కూడా పుట్టి నడకలు నేర్చాక, జొన్నకోతల కాలంలో ఒక పొద్దున, మార్తమ్మ ఆమెన్ చెప్పి లేవబోయి లేవలేకపోయింది. కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి. నోరు ఒక పక్కకు లాగేసింది. ఏదో అనబోతే గురగురమని శబ్దం తప్ప మాట రాలేదు.

కృపావరం కంపదడి సందులోంచి దూరి పుల్లయ్య దగ్గరికి పరుగెత్తాడు. చంకలో పిల్లను వేసుకుని యేసుమణీ వెనకాలే పోయి దడి దగ్గర నిలబడింది.

"అయ్యా, మాయమ్మకు కాలూ చెయ్యీ పడిపోయినాయి. కంభం ఆసుపత్రికి తీసకపోవల్ల. బండి ఇప్పించయ్యా, నేనే తోలకపోతా."

బండి అక్కడే ఉంది. కాడి దించి, ఖాళీగా ఉంది. ఎద్దులు పక్కనే నెమరేస్తున్నాయి. పుల్లయ్య బండి వంక చూశాడు, కృపావరం వంక చూశాడు, మార్తమ్మ గుడిసె వంక మాత్రం చూడలేదు.

"పాలెం మనిషిని పండబెట్టిన బండిలో రేపు నా పెండ్లాం బిడ్డలు ఎక్కల్నా?" అన్నాడు. "మంచం మీద ఏసుకుని మోసకపోండి. మోసేదానికి మీకు మనుషులు కరువా."

మోసుకునే పోయారు. నలుగురు అలిస్తే ఇంకో నలుగురు భుజం మార్చుకుంటూ, చెరువుకట్ట పొడవునా మంచం మీద ఆమెను కంభం చేర్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఆసుపత్రిలో డాక్టరు చూసి, ప్రాణానికి భయం లేదు గానీ మాట వస్తుందని అనుకోవద్దన్నాడు. కాస్త ముందుగా తెచ్చుంటే మాట దక్కేదా అని యేసుమణి అడిగింది. "చెప్పలేం" అన్నాడాయన. దక్కేది అని ఉంటే ఒక రకం, దక్కేది కాదని ఉంటే ఇంకో రకం. ఆ చెప్పలేం అన్న మాట యేసుమణి గుండెల్లో ముల్లులా దిగబడింది.

ఇంటికి తెచ్చిన మర్నాడు తెల్లవారుజామున పాలెమంతా మేలుకుంది. వేగుచుక్క పొడిచింది. ఎవరి గుడిసెలో వాళ్లు కూర్చున్నారు. గొంతు లేదు. చుక్క పైకి వచ్చింది. కాకులు అరిచాయి. తెల్లగా తెల్లారిపోయింది. ఒక్క పొయ్యీ వెలగలేదు. చెంబులు పట్టుకుని ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆమెన్ రాకుండా నిప్పు రాజెయ్యడం వాళ్లెవరికీ తెలియదు. పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు. చివరికి సంజీవరావు పంతులు పరుగున వచ్చి, మార్తమ్మ మంచం పక్కన నిలబడి ప్రార్థన చేశాడు. మంచి ప్రార్థనే, వంక పెట్టడానికి లేదు. ఆమెన్ కూడా గట్టిగానే అన్నాడు. అందరూ వెళ్లి పొయ్యిలు రాజేసుకున్నారు గానీ ఏదో తప్పు చేసినట్టే రాజేసుకున్నారు. మార్తమ్మ కళ్ల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి.

ఆ రోజంతా యేసుమణి ఆ కన్నీళ్లు తుడుస్తూనే ఉంది. అత్త ఎడమచెయ్యి మాత్రం పని చేస్తోంది. ఆ చేత్తో కోడలి మణికట్టు పట్టుకుని వదలదు. ఏం కావాలి అత్తా, నీళ్లా, గంజా అంటే తల అడ్డంగా ఊపుతుంది. ఏం కావాలో యేసుమణికి తెలుసు. తెలిసే అడిగింది.

మర్నాడు ఆమె వేగుచుక్క కంటే ముందు లేచింది. మొగుడి సాయంతో అత్త మంచాన్ని వాకిట్లోకి తెచ్చింది. పక్కన నేల మీద కూర్చుంది. తనకు నాలుగు పేర్లకంటే ఎక్కువ రావని, అవి చెప్పి ఆమెన్ అనేస్తే అత్త మనసు కుదుటపడుతుందని ఆమె లెక్క.

"గిద్యోనును చూడు నాయనా" అంది. "ఇశ్రాయేలును చూడు నాయనా."

మంచం పట్టె మీద అత్త ఎడమచెయ్యి ఒక్కో పేరుకూ ఒకసారి మెల్లగా తట్టింది. తర్వాతి పేరు పుల్లయ్యది. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. యేసుమణికి ఖాళీ బండి కనిపించింది, నెమరేస్తున్న ఎద్దులు కనిపించాయి. ఆ పేరును అక్కడే మింగేసి, "గురవయ్యను చూడు నాయనా" అంది.

తట్టబోయిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. యేసుమణి చూసీ చూడనట్టు ముందుకు పోయింది. చెయ్యి మాత్రం మళ్లీ దిగలేదు.

అప్పుడొక వింత జరిగింది. నాలుగు పేర్లే వచ్చనుకుందా, గురవయ్య వెనక ఇంకో పేరు వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆమె వెతుక్కోనక్కరలేదు. ఇన్నేళ్లూ విసుక్కుంటూ, తిట్టుకుంటూ, కునికిపాట్లు పడుతూ విన్న పేర్లన్నీ, చేను గట్టు తెగిన నీళ్లలా వరస తప్పకుండా వస్తున్నాయి. ఊరివీ పాలెంవీ, రెడ్లవీ చాకళ్లవీ, గుండ్లకమ్మ ఏటి అవతల కాపురాలకు పోయినవాళ్లవీ, రంగూనుకు పోయి ఉలుకూ పలుకూ లేనివాళ్లవీ. తాను ఎన్నడూ చూడని మనుషుల పేర్లు తన నోటెంట వస్తుంటే యేసుమణి తానే చెవొగ్గి వింది. వీళ్లంతా ఒకప్పుడు ఇంతింత బిడ్డలు, తడితడిగా, కళ్లు మూసుకుని ఈ ముసలామె అరచేతుల్లో పడ్డవాళ్లు. ఆ గుంపంతా ఇప్పుడు ఈ చిన్న వాకిట్లో నిలబడి ఉన్నట్టనిపించి ఆమె కాళ్లు ముడుచుకుని, ఇంకొంచెం చోటిచ్చి కూర్చుంది. గుడిసెలో వాళ్లందరూ పట్టరన్న మాట హాస్యానికి అన్నది కాదని అప్పుడు తెలిసింది. చివర తన ఇద్దరు పిల్లల పేర్లూ చెప్పి ఆమెన్ అంది. పాలెమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అని, పొయ్యిలు రాజేసుకుంది.

మర్నాడూ అలాగే జరిగింది, ఆ తర్వాత కూడా. ప్రతిరోజూ పుల్లయ్య పేరు దగ్గర అత్త చెయ్యి లేచేది, ప్రార్థన అయ్యేదాకా అలాగే గాల్లో ఉండేది. యేసుమణి తల తిప్పుకునేది.

ఇంతలో ఊళ్లో గుసగుసలు. పుల్లయ్య అన్నం ముట్టడం లేదట. పొలం పోవడం లేదట. వైద్యుణ్ని పిలిపిస్తే నాడి బాగానే ఉందన్నాడట. ఒకనాడు ఆయన పెళ్లాం వెంకటసుబ్బులమ్మ కంపదడి దగ్గరికి వచ్చి యేసుమణిని పిలిచింది.

"ఏమ్మే, నేను పసుపుకుంకాలతో ఉండేది మీకు ఇష్టం లేదా? ఆయన పేరు ఎందుకు ఎత్తడం లేదే?" అంటూ కొంగు కళ్లకు అద్దుకుంది.

"పేరుదేముందమ్మా" అని యేసుమణి కడవ ఎత్తుకుని వచ్చేసింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆమెకు సంతోషం కలిగింది. రచ్చబండ మీద అంత నవ్వినవాడు ఒక పేరు వినబడకపోయేసరికి మంచం పట్టాడు. పేదవాడి కోపం పెదవికి చేటంటారు. తన కోపం అవతలివాడికి చేటైంది. ఆ రాత్రి ఆమె కడుపునిండా తినింది.

మరుసటి రోజు సందెవేళ పుల్లయ్యే వచ్చాడు. దడి తిరిగి, పాలెం వీధిలో నడిచి, నలుగురూ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, మార్తమ్మ వాకిలి ముందు నిలబడ్డాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. అంతకుముందు ఆయన పాలెంలో అడుగుపెట్టడం ఎవరూ ఎరగరు. కృపావరం చేతులు కట్టుకుని పక్కకు ఒదిగాడు.

"నా పేరు ఇడిసిపెట్టమని మీ అత్త చెప్పిందా?" అన్నాడు పుల్లయ్య.

"మా అత్తకు నోరేదయ్యా చెప్పేదానికి? నేనే ఇడిసిపెట్టినా."

"నేను సచ్చినానా?"

"మీరు బాగానే ఉండారు. సగం సచ్చింది మా అత్త."

ఇంకొకప్పుడైతే ఆ మాటకు చెయ్యి లేచేది. ఆరోజు పుల్లయ్య అటూ ఇటూ చూసి, అక్కడున్న రోటి అంచు మీద కూలబడ్డాడు. మంచం మీద మార్తమ్మ కళ్లు తెరిచి ఆయన్నే చూస్తోంది.

"మాయమ్మ పోయేముందు నాకొక మాట చెప్పింది" అన్నాడు. గొంతు బాగా తగ్గించి అన్నాడు గానీ పాలెమంతా ఊపిరి బిగబట్టి వింటోంది. "నేను పుట్టినప్పుడు నాలో ఉలుకు లేదంట. నీలంగా, గుడ్డపేలికలాగ పడింటినంట. అందరూ సచ్చి పుట్టినాడనే అనుకున్యారంట. ఈయమ్మ నా నోట్లో నోరు పెట్టి ఊదిందంట. ఎవురికీ చెప్పగూడదని మాయమ్మ ఒట్టేయించుకునిందంట, అంటు గదా అని." ఆయన మంచం వైపు తిరిగాడు. "నాలో మొదటి ఊపిరి ఈయమ్మది. నేను ఆ చావిట్లో పండుకునేది గొడ్లకు కాపలా అనుకుంటుండారు ఊళ్లో. గొడ్లకు కాదు. మాయమ్మ పోయినకాడి నుంచి, నా పేరు ఇన్నాకనే నేను పక్క మీద నుంచి లేసేది."

పాలెంలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. కన్నకొడుకు కృపావరానికే తెలియదు. ఇన్నేళ్లూ మార్తమ్మ నోరు దాటి ఒక్క మాట బయటికి రాలేదు. యేసుమణి రోటి మీది మనిషిని కొత్తగా చూసింది. కానీ కోపం, అది ఉన్నచోటే ఉంది. ఇంకా పెరిగింది కూడా.

"అంత తెలిసీ బండి ఇయ్యకపోతిరి" అంది.

పుల్లయ్య తల వంచుకున్నాడు. "ఊరు" అన్నాడు. "ఊరు చూస్తాంటే నోట్లోనుంచి అదే మాట వచ్చింది. ఇప్పుడు కట్టిస్తా బండి. కర్నూలు పెద్దాసుపత్రికే పోదాం."

"ఇప్పుడెందుకయ్యా!"

"చెప్పు యేసుమణీ, అయ్యే వచ్చి అడిగినాక" అని కృపావరం బతిమిలాడాడు.

"అడిగితే వచ్చేది కాదది. నోటికి రావడం లేదు" అంది యేసుమణి. అది బెట్టు కాదు, నిజం.

అంతలో మంచం మీద కదలిక. మార్తమ్మ ఎడమచెయ్యి పట్టె మీది నుంచి లేచి, పుల్లయ్య వైపు చాచుకుని ఆగింది. పుల్లయ్య చటుక్కున లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. పుట్టినకాడి నుంచి నేర్చుకున్న వెనకడుగు, ఆలోచన లేకుండానే పడింది. పడ్డాక ఆయనకే తెలిసి, సిగ్గుతో మొహం నల్లబడింది. ముందుకు రావాలో పోవాలో తెలియక కాసేపు నిలబడి, పైగుడ్డ నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. ముసలామె చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. యేసుమణే దాన్ని పట్టుకుని దించింది.

మర్నాడు తెల్లవారుజామున పాలెంలో ఒక్కరూ నిద్రపోవడం లేదని యేసుమణికి తెలుసు. దగ్గులు వినిపిస్తున్నాయి. వేగుచుక్క కొండ మీద నిలిచింది. ఆమె కూర్చుంది.

"గిద్యోనును చూడు నాయనా. ఇశ్రాయేలును చూడు నాయనా."

అత్త చెయ్యి గాల్లో ఆగింది.

యేసుమణి ఈసారి తల తిప్పుకోలేదు. ఆ చేతినే చూసింది. ఈ వరసలో ఇంకా ఎవరెవరున్నారు? మామ చచ్చిన ఏడు ఈ గుడిసెను పీకించి పారేసినవాడున్నాడు. కాన్పు చేసి వస్తుంటే వీధికి అడ్డమొచ్చిందని అత్త మీద చెప్పు విసిరినవాడున్నాడు. ఆ పేర్లూ అత్త నోటే వచ్చాయి, ఒక్కరోజూ తప్పకుండా. వచ్చేటప్పుడు సులువుగా వచ్చాయా? కొన్ని పేర్ల దగ్గర ముసలామె గొంతు ఆగి, ఒక గుక్క ఊపిరి తీసుకుని, మళ్లీ సాగేది. వయసు మీదపడి ఆయాసపడుతోందని యేసుమణి అనుకునేది. ఆయాసం కాదు. అక్కడ అత్త కుస్తీ పట్టేది. పాలెమంతా చీకట్లో చలికి ముడుచుకుని, పొయ్యి ఎప్పుడు రాజేద్దామా అని గొణుక్కుంటుంటే, ఈ చదువురాని ముసలిది దినామూ తన మనసును తానే మెడలు వంచి, ఆ పేరు బయటికి లాగేది. అదంతా పక్కనే కూర్చుని చూస్తూ తాను కునికిపాట్లు పడింది. ఎంత పెద్ద మనిషి నీడన ఇన్నాళ్లూ అంట్లు తోముకుంటూ బతికిందో తలుచుకుంటే యేసుమణికి భయమేసింది. గుడి కొట్టంలో ఎన్నడూ కలగని భయం, మోకాళ్లు వాటంతటవే నేలకానే భయం.

మోకాళ్ల మీద వంగింది.

"నాయనా, నాకు మనసు లేదు. అబద్ధమెందుకు, అస్సలు లేదు" అంది. తర్వాత మాట రాలేదు. అత్త చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. యేసుమణి నేల మీది మట్టిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, రాయిని పెకలించినట్టు, "పుల్లయ్యను చూడు నాయనా" అంది.

చెయ్యి పట్టె మీదికి దిగి, మెల్లగా ఒకసారి తట్టింది.

కంపదడి అవతల చీకట్లోంచి, అప్పుడే నిద్రలేచిన పిల్లాడు తల్లికి బదులిచ్చినట్టు, ఒక మగగొంతు బొంగురుగా పలికింది.

"ఉండానమ్మా."

తర్వాతి పేరు గురవయ్యది. ఆ పేరు చెప్పడానికి యేసుమణికి చాలాసేపు పట్టింది.